ఆదివారం ఎవరి సొత్తు?

వారానికొక రోజు విశ్రాంతి అన్నది శ్రామికునికి దయాధర్మంగా లభించినది కాదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికులు ఏళ్ళ తరబడి కోరగా, 1890లో యజమానులు ఆదివారం సెలవుకు అంగీకరించారు. అట్లు సాధించుకొన్న దినాన్నే నేడు కొన్ని సంస్థలు సెలవు లెక్కలలో తిరిగి తీసికొంటున్నవి. దీనిని గురించి మనం ఆలోచించవలసి ఉన్నది.

రంజాన్ పండుగ శనివారం వచ్చినదనుకొందాం. దూరపు ఊళ్ళో తల్లిదండ్రులున్న ఉద్యోగి శుక్ర, సోమవారాలు సెలవు కోరుతాడు. కోరినది రెండు రోజులే. కాని నడుమనున్న పండుగనూ ఆదివారాన్నీ కలిపి, అతని ఖాతాలో నాలుగు రోజులు తగ్గిస్తారు. దీనినే ‘శాండ్‌విచ్ నిబంధన’ అంటున్నారు. సంక్రాంతికి ఊరు వెళ్ళేవారికీ ఇదే గతి.

ప్రభుత్వోద్యోగాలలో రెండు పద్ధతులూ కలవు. సామాన్య సెలవు నడుమ వచ్చే ఆదివారాలు లెక్కకు రావు. ఆర్జిత సెలవులో వస్తవి. అయితే ఆర్జిత సెలవు ఏడాదికి 30 రోజులు కనుక ఆ నష్టం భరించదగినదే. కొద్ది రోజులు మాత్రమే ఇచ్చే సంస్థ అదే కొలత వాడడం న్యాయమా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సైతం, 79వ సెక్షనులో, సెలవు నడుమనైనా చివరలనైనా వచ్చే సెలవుదినాలను వార్షిక సెలవులో కలుపరాదని స్పష్టంగా చెప్పినది.

పండుగకు సెలవులు అతికించి ఉద్యోగులు రోజుల తరబడి రాకపోతే పని సాగేదెట్లని యజమానులు అడుగుతారు. ఆ చింత సహేతుకమే. అందుకు వరుస గైర్హాజరుకు హద్దు విధించవచ్చు. మన ప్రభుత్వోద్యోగులకు సామాన్య సెలవు, సెలవుదినాలతో కలిసి పది రోజులు మించరాదన్న నియమం అటువంటిదే. హద్దు పెట్టడం వేరు. ఒకరి సొత్తును వారికే అప్పుగా వ్రాయడం వేరు.

రేపు ఉద్యోగాలలో ప్రవేశించబోయే విద్యార్థినీ విద్యార్థులు జీతపు అంకెతోపాటు సెలవు నిబంధనలనూ చదివి సంతకం చేయుదురుగాక! మన కళాశాల పాలకవర్గం వారు కూడా అధ్యాపకులకూ, అటెండర్లకూ ఒకే కొలతతో సెలవులు లెక్కించి, ఆ నిబంధనలను ఉర్దూ, తెలుగు భాషలలో నోటీసు బోర్డుపై ప్రకటించవలెనని మా సవినయ మనవి.