కారు వెల్డింగ్‌కు రోబో, మ్యాన్‌హోల్‌లోకి మనిషి

యంత్రానికి కులం లేదని సెమినార్లలో పదే పదే వింటున్నాను. ఫ్యాక్టరీ కార్మికుల మీద పీహెచ్‌డీ చేస్తున్న నాకు ఇది సగం నిజమే అనిపిస్తుంది. యంత్రానికి కులం లేకపోవచ్చు. కానీ దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎవరికి నేర్పాలి, ఎవరిని గేటు బయటికి పంపాలి అనే నిర్ణయాల్లో కులం ఉంది.

శ్రీపెరుంబుదూర్ నుంచి పెనుకొండ దాకా కార్ల ఫ్యాక్టరీల్లో రోబోలు వెల్డింగ్ చేస్తున్నాయి. నిప్పురవ్వల ముందు మనిషి నిలబడే అవసరం తగ్గింది. మంచిదే. మరి మురుగు గుంత సంగతేమిటి? మనిషిని ప్రమాదకరంగా అందులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబోను కేరళ యువ ఇంజినీర్లు 2018 నాటికే తయారుచేశారు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. అయినా దళితులు విషవాయువులకు చనిపోతూనే ఉన్నారు. లేనిది సాంకేతికత కాదు. వాళ్ల ప్రాణానికి విలువ లేదు, అంతే.

అలాగని యంత్రాలు వద్దని నేననను. గాంధీ రాట్నాన్ని ఆదర్శంగా చూపిన కాలంలో బాబాసాహెబ్ యంత్రం పక్షాన నిలిచారు. తప్పు యంత్రానిది కాదని, దాని ఫలాన్ని కొందరికే దక్కనిచ్చే సమాజానిదని 1945లోనే వాదించారు. మనం అడగాల్సింది ఆ ఫలంలో వాటా.

ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాల పథకం కింద 14 రంగాల కంపెనీలకు కేంద్రం ప్రకటించిన మొత్తం 1.97 లక్షల కోట్ల రూపాయలు. మురుగు పనివారి కోసం తెచ్చిన ‘నమస్తే’ పథకానికి మూడేళ్లకు కేటాయించింది సుమారు 350 కోట్లు. పైగా, ప్రోత్సాహకం తీసుకునే ప్రైవేటు కంపెనీకి రిజర్వేషన్ షరతు లేదు. రోబో ప్రోగ్రామింగ్ ఎవరి చేతిలో ఉందో, ప్యాకింగ్, లోడింగ్, ఊడ్చే పనుల్లో కాంట్రాక్టు మీద ఎవరున్నారో సామాజిక వర్గాలవారీగా చెప్పాల్సిన బాధ్యతా లేదు.

‘మెరిట్’ అంటారా? ప్రోగ్రామింగ్ ఎవరికీ పుట్టుకతో రాదు, శిక్షణతో వస్తుంది. ఆ శిక్షణను ఐటీఐ చదివిన కాంట్రాక్టు కార్మికుడికి జీతంతో సహా ఇవ్వండి. ప్రజల సొమ్ము తీసుకున్న ప్రతి ఫ్యాక్టరీలో రిజర్వేషన్లు అమలు చేయండి, లెక్కలు బయటపెట్టండి. ప్రజాధనంతో కొనే యంత్రాన్ని లాభం పెరిగే చోటికి తర్వాత పంపవచ్చు. ముందు మనిషి చనిపోతున్న చోటికి పంపండి.