బెయిలు వచ్చింది, మనిషి రాలేదు

బెయిలు ఉత్తర్వు మీద మేజిస్ట్రేటు సంతకం పడ్డాక కూడా ఒక మనిషి చర్లపల్లి జైల్లో ఉండిపోతున్నాడంటే దానికి మన కోర్టులు జవాబు చెప్పాలి. మేడ్చల్, శామీర్‌పేట వైపు క్రిమినల్ కేసులు చూసే వకీళ్లకు ఇది రోజూ కనిపించే సంగతే. వాదించి బెయిలు తెస్తారు. ఉత్తర్వు చివర ‘ఇద్దరు స్థానిక జామీనుదారులు’ అన్న షరతు ఉంటుంది. అక్కడితో కేసు ఆగిపోతుంది. ఊళ్లో ఇల్లూ భూమీ బంధువులూ ఉన్నవాడు సాయంత్రానికల్లా బయటికి వస్తాడు. ఇవేవీ లేనివాడు అదే నేరారోపణ మీద, అదే బెయిలుతో, బ్యారక్‌లో పడుకుంటాడు. ఈ స్థానిక జామీను షరతును మన కోర్టులు వదిలేయాలి.

ఈ ప్రాంతంలో ఎవరు పని చేస్తున్నారో ఒకసారి చూడండి. మేడ్చల్ దారి పొడవునా ఫ్యాక్టరీలు, గోదాములు. శామీర్‌పేట దాటితే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ. ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ లేస్తున్న అపార్టుమెంట్లు, ఊరి చివర ఇటుక బట్టీలు. వీటిలో చెమటోడుస్తున్నది ఒడిశా, బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు, మన పాలమూరు, శ్రీకాకుళం వాళ్లు. రేకుల షెడ్లలో రాత్రిపూట కొట్లాట జరుగుతుంది. గోదాములో సరుకు పోతుంది. పోలీసులు నలుగురిని పట్టుకెళ్తారు, రిమాండ్ పడుతుంది. తర్వాత బెయిలు కూడా వస్తుంది. కానీ జామీను ఎవరిస్తారు? పనికి తెచ్చిన మేస్త్రీ ఫోను ఎత్తడు. షెడ్డు యజమాని పోలీసు కేసు మాట వినగానే తలుపేసుకుంటాడు. ఇంటిపన్ను రసీదు, ఇంటి విలువ ధ్రువపత్రం, జీతం సర్టిఫికెట్ పట్టుకుని కోర్టుకు వచ్చే మనిషి ఆ కూలీకి ఈ జిల్లాలో ఒక్కడూ ఉండడు. ఒడిశాలోని బలంగీర్‌లో అన్నకు ఇల్లుంది, రాగలడు కూడా. అయితే అది వేరే రాష్ట్రం, చెల్లదంటారు.

ఈ మాట చెల్లదని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి బెయిలిచ్చాక, మేజిస్ట్రేటు పది వేల రూపాయల జామీను అడిగాడు. మోతీరామ్ సోదరుడు పూచీ ఇస్తానంటే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో వేసిన ప్రశ్న తెలుగువాళ్లకు నేరుగా తగులుతుంది. ఒక ఆంధ్రుడినో తమిళుడినో చాందినీ చౌక్‌లో అరెస్టు చేస్తే అతనికి అక్కడ ఆస్తిపరుడైన జామీనుదారు ఎక్కణ్ణుంచి వస్తాడని ఆయన అడిగారు. ఇవాళ చాందినీ చౌక్ స్థానంలో మేడ్చల్ ఉంది. ఆ ఆంధ్రుడి స్థానంలో ఒడియా కూలీ ఉన్నాడు. అంతే తేడా.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా దారి చూపింది. బెయిలు ఉత్తర్వు కాపీ ఈమెయిలులో జైలుకు వెళ్లాలి. వారంలోగా ఖైదీ విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెలలోగా జామీను సమర్పించలేకపోతే షరతు సడలించవచ్చేమో కోర్టు తనంత తానుగా పరిశీలించవచ్చు. విడుదల ఆలస్యానికి స్థానిక జామీను ఒక కారణమని గుర్తించి, అలాంటి సందర్భాల్లో ఆ షరతు పెట్టనక్కర్లేదని కూడా సూచించింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఇంకో అడుగు ముందుకు వేసింది. ‘బాండ్’ అంటే జామీనుదారు లేని సొంత పూచీకత్తు అని రెండో సెక్షన్‌లోనే నిర్వచించింది. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే అలాంటి బాండు మీద వదలాలని 479వ సెక్షన్ చెబుతోంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. జామీనుదారు లేకుండా మనిషిని నమ్మవచ్చని పార్లమెంటే ఒప్పుకున్నాక, మేజిస్ట్రేటు కోర్టుకు అభ్యంతరం ఎందుకుండాలి?

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం బెయిలుకు డబ్బు సాయం చేస్తుంది. మంచిదే. కానీ మన కోర్టు అడిగేది తరచూ డబ్బును కాదు, ఆస్తి ఉన్న మనిషిని. ఆ మనిషిని ఏ ఖజానా తెచ్చిస్తుంది?

ఖజానా తేలేని చోట దళారీ తెస్తాడు. అద్దె జామీనుదారులను, దొంగ పత్రాలను సరఫరా చేసే ముఠాలను హైదరాబాద్ చుట్టుపక్కల పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. ఆ ముఠాలను పుట్టించింది ఈ షరతే. ముక్కూమొహం తెలియని మనిషి డబ్బు తీసుకుని ఇచ్చిన పూచీ, నిందితుడు వాయిదాకు వస్తాడనడానికి ఏం హామీ?

‘వదిలేస్తే ఊరికి పారిపోతాడు, మళ్లీ దొరకడు’ అని ప్రాసిక్యూషన్ అంటుంది. కొందరు పారిపోతారు, నిజమే. కానీ ఆధార్‌లో చిరునామా ఉంది, ఫోను నంబరు ఉంది, సొంతూరి పోలీస్ స్టేషన్ ఉంది. వారానికోసారి ఠాణాలో సంతకం పెట్టమనవచ్చు, సొంతూళ్లో ఉన్న బంధువు పూచీ తీసుకోవచ్చు. రాకపోతే వారంటు ఎలాగూ ఉంది. అందరూ పారిపోతారని ముందే తీర్మానించి, ఇల్లు లేనితనాన్నే నేరంగా లెక్కగట్టడం మాత్రం తగదు.

ఈ మాట వకీళ్లు చెబితే వినేవాళ్లు తక్కువ. నిందితుడి తరఫు వకీలంటే నేరానికి కొమ్ముకాసేవాడన్న భావం మన సమాజంలో బలంగా ఉంది. 2019లో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితుల తరఫున వాదించబోమని షాద్‌నగర్ వకీళ్లే ప్రకటించారు. అలాంటి తీర్మానాలు రాజ్యాంగ విరుద్ధమని 2010లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయినా అవి ఆగలేదు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత పోలీసుల కథనం నమ్మదగినది కాదని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చి, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫార్సు చేసింది. వాదించే మనిషే లేకపోతే ఏమవుతుందో తెలంగాణకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. జనం కోపాన్ని లెక్కచేయకుండా దశాబ్దాల పాటు నిందితుల పక్షాన నిలిచిన వకీలు కె.జి. కన్నబిరాన్, చట్టం ప్రకారం శిక్షించమని మాత్రమే రాజ్యాన్ని అడిగారు. జామీను విషయంలో మేం అడిగేదీ అదే.

మన ప్రజలకు ఈ బాధ తెలియనిది కాదు. సిరిసిల్ల ప్రాంతపు కార్మికులు ఒక హత్య కేసులో దుబాయ్ జైల్లో 18 ఏళ్లు గడిపి, 2024 ఫిబ్రవరిలో ఇంటికి చేరితే తెలంగాణ అంతా సంతోషించింది. భాష రాని దేశంలో, తమవాళ్లెవరూ లేనిచోట చిక్కుకున్నారన్న జాలి అందులో ఉంది. మేడ్చల్ కోర్టు బోనులో నిలబడ్డ కూలీకి తెలుగు రాదు. అతని తల్లికి చర్లపల్లి ఎక్కడుందో తెలియదు. ఆ జాలికి అతనూ అర్హుడే.

అతనికి సాయం చేయగలవాళ్లూ దగ్గర్లోనే ఉన్నారు. దేశంలో పేరున్న న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ 1998లో పుట్టి శామీర్‌పేటలో ఉంది. మరణశిక్ష పడ్డ ఖైదీల తరఫున పనిచేసే స్క్వేర్ సర్కిల్ క్లినిక్ అక్కడే ఉంది. చర్లపల్లి కేంద్ర కారాగారమూ ఇదే జిల్లాలో ఉంది. బెయిలు వచ్చి వారం దాటినా బయటపడనివాళ్ల జాబితాను ప్రతి సోమవారం జైలు నుంచి తెప్పించుకుని, ఒక్కో పేరుకూ ఒక న్యాయ సహాయ వకీలును, ఒక నల్సార్ విద్యార్థిని జతచేయడం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అసాధ్యమేమీ కాదు. షరతు సడలింపు పిటిషన్ రెండు పేజీలకు మించదు.

తెలంగాణ హైకోర్టు జిల్లా కోర్టులన్నిటికీ ఒక సర్క్యులర్ పంపాలి. వలస కార్మికుల కేసుల్లో సొంత పూచీకత్తే మామూలు పద్ధతి కావాలి. స్థానిక జామీను తప్పదనుకున్న చోట మేజిస్ట్రేటు కారణం రాయాలి. ఆ సర్క్యులర్ వచ్చేదాకా మేడ్చల్ బార్ సభ్యులు ఆగనక్కర్లేదు. బెయిలు పిటిషన్‌లోనే మోతీరామ్ తీర్పును, 2023 నాటి ఉత్తర్వును ఉటంకించి, స్థానిక జామీను వద్దని రేపటి వాయిదా నుంచే అడగండి.