జెర్సీ కోసం పాస్‌పోర్టు మార్చుకోవాలా?

యూనివర్సిటీ జట్టుకు సాఫ్ట్‌బాల్ ఆడారు. రాష్ట్రం తరఫున నేషనల్స్‌కూ వెళ్లొచ్చారు. డిగ్రీనో, బీటెక్కో చివరికొచ్చింది. ఇంట్లో ‘ఇక ఆటలు చాలు, ఉద్యోగం సంగతి చూడు’ అంటున్నారు. స్నేహితుల్లో సగం మంది విదేశీ చదువుల దరఖాస్తుల్లో మునిగి ఉన్నారు. అలాంటప్పుడు ఎవరికైనా ఓ ఆలోచన వస్తుంది: ‘ఇండియా జట్టులో చోటు దొరకడం కష్టం. ఎలాగూ బయటికి వెళ్తున్నాం కదా, ఆ దేశం తరఫున ఆడేస్తే పోలా?’

ఆశపడటంలో తప్పేం లేదు. 2008 తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేసిన సాఫ్ట్‌బాల్ టోక్యోలో ఒకసారి కనిపించి, పారిస్‌లో మళ్లీ మాయమైంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో తిరిగి వస్తోంది. ఆ మ్యాచ్‌లు ఓక్లహామా సిటీలో జరుగుతాయి. ఆట మీద ప్రేమ ఉన్నవాళ్లకు మనసు లాగుతుంది. కానీ ఒక మాట సూటిగా చెప్పాలి. దేశం మారడమనేది బతుకుకు సంబంధించిన నిర్ణయం. దాన్ని జెర్సీ కోసం తీసుకోకూడదు. ముఖ్యంగా మన చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు అయినప్పుడు.

ఒక్కో ఆటకు ఒక్కో లెక్క

ఈ విషయంలో చాలామందిని తికమకపెట్టేది క్రికెట్. సౌరభ్ నేత్రావల్కర్ 2010లో భారత అండర్-19 ప్రపంచకప్ జట్టులో ఆడాడు. తర్వాత కార్నెల్‌లో మాస్టర్స్ చేసి, ఒరాకిల్‌లో ఇంజినీరుగా చేరాడు. 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా తరఫున సూపర్ ఓవర్ వేసి పాకిస్థాన్‌ను ఓడించాడు. ఆ కథ విన్నవాళ్లంతా ‘చూశారా, చదువుకోవడానికి వెళ్లి ఆ దేశానికే ఆడాడు’ అన్నారు. నిజమే. ఎందుకంటే ఐసీసీ నిబంధనల్లో పౌరసత్వం ఒక్కటే దారి కాదు. ఆ దేశంలో పుట్టినా, నిర్ణీత కాలం అంటే మూడేళ్లు అక్కడ నివసించినా అర్హత వస్తుంది.

బేస్‌బాల్‌లో జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఇంకాస్త ఉదారం. అమ్మానాన్నల్లో ఒకరు ఆ దేశంలో పుట్టినా ఆడనిస్తారు. 2023లో కప్పు గెలిచిన జపాన్ జట్టులో లార్స్ నూట్‌బార్ అమెరికాలో పుట్టినవాడే. అతని తల్లి జపనీయురాలు. 2017లో ఇజ్రాయెల్ జట్టు నిండా అమెరికా యూదు ఆటగాళ్లే. అయితే అదే ఇజ్రాయెల్ టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లేసరికి ఆ అమెరికన్ ఆటగాళ్లు ఇజ్రాయెల్ పౌరసత్వం తీసుకోవాల్సి వచ్చింది.

ఒలింపిక్ చార్టర్‌లోని 41వ నిబంధన ప్రకారం ఆటగాళ్లు తాము ప్రాతినిధ్యం వహించే దేశానికి పౌరులై ఉండాలి. నివాసం చాలదు, వీసా చాలదు, గ్రీన్‌కార్డు కూడా చాలదు. అప్పటికే ఒక దేశానికి ఆడి, తర్వాత జాతీయత మార్చుకుంటే మామూలుగా మూడేళ్లు ఆగాలి. సంబంధిత ఒలింపిక్ కమిటీలు, ఆ ఆట అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకుంటేనే ఆ గడువు తగ్గుతుంది. 2028లో క్రికెట్ కూడా ఒలింపిక్స్‌లోకి వస్తోంది. నివాసం లెక్కన అమెరికాకు ఆడుతున్నవాళ్లకూ అక్కడ ఈ నిబంధనే అడ్డొస్తుంది. అంటే క్రికెట్‌ను చూసి సాఫ్ట్‌బాల్‌కు లెక్కలు వేసుకోవడం కుదరదు.

మెక్సికోకు కుదిరింది, మనకెందుకు కుదరదు?

టోక్యోలో ఆరు సాఫ్ట్‌బాల్ జట్లు ఆడాయి. జపాన్‌కు స్వర్ణం, అమెరికాకు రజతం, కెనడాకు కాంస్యం దక్కాయి. మొదటిసారి వచ్చిన మెక్సికో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ మెక్సికో జట్టులో ఎక్కువమంది అమెరికాలో పుట్టి, అక్కడి కాలేజీల్లో ఆట నేర్చుకున్న అమ్మాయిలు. ఇటలీ జట్టులోనూ అమెరికాలో పెరిగినవాళ్లున్నారు. ‘వాళ్లు చేసింది మనం ఎందుకు చేయకూడదు?’ అని అడగొచ్చు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. మెక్సికో, ఇటలీ, అమెరికా చట్టాలు ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకుంటాయి. ఆ అమ్మాయిలు తాత ముత్తాతల దేశం పాస్‌పోర్టు తీసుకున్నా, పుట్టిన దేశంలో వాళ్లకున్నది ఏమీ పోలేదు. మన చట్టం అలా కాదు. 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, కావాలని మరో దేశ పౌరసత్వం తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు అప్పగించాల్సిందే.

‘ఓసీఐ కార్డు ఉంటుందిగా’ అంటారు. ఓసీఐ అంటే పౌరసత్వం కాదు, జీవితకాలం చెల్లే వీసా లాంటిది. దానితో ఓటు ఉండదు. వ్యవసాయ భూమి కొనలేరు. ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన హక్కు ఉండదు. భారత జట్టులోనూ చోటుండదు. జాతీయ జట్లలో భారత పౌరులే ఆడాలని కేంద్ర క్రీడాశాఖ 2008 డిసెంబరులోనే తేల్చి చెప్పింది. అంతకుముందు అమెరికా పాస్‌పోర్టుతోనే ప్రకాశ్ అమృత్‌రాజ్ మనకు డేవిస్ కప్ ఆడాడు. ఆ తర్వాత ఆ తలుపు మూసేశారు. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా ఆ దేశ పౌరసత్వం వదులుకుని, భారత పౌరుడయ్యాకే 2013లో మన ఫుట్‌బాల్ జట్టులోకి వచ్చాడు.

ఈ నిబంధన మరీ కఠినమని, విదేశాల్లోని మనవాళ్లను రప్పిస్తే సాఫ్ట్‌బాల్ లాంటి చిన్న ఆటలు బాగుపడతాయని కొందరి వాదన. అందులో కొంత నిజముంది. అమెరికా కాలేజీల్లో శిక్షణ పొందిన పిచర్ ఒక్కరు వచ్చినా జట్టు స్థాయి మారుతుంది. కానీ అనంతపురంలో ఆర్డీటీ మైదానాల్లో సాఫ్ట్‌బాల్ నేర్చుకుంటున్న పల్లెటూరి అమ్మాయికి ఆ జట్టులో చోటు ఒక్క పతకం మాటే కాదు, ఉద్యోగం మాట కూడా. ఆ చోటును ఇక్కడ బతుకు ముడిపెట్టుకున్నవాళ్లకే ఉంచడం న్యాయమని నా అభిప్రాయం. విదేశాల నుంచి వచ్చే సాయం కోచ్‌ల రూపంలో, శిక్షణ శిబిరాల రూపంలో తీసుకోవచ్చు. దానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

వయసు లెక్క వేసుకోండి

మీకిప్పుడు 22 ఏళ్లనుకుందాం. అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చాక సాధారణంగా అయిదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు చేయాలి. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు కోసం చూసే భారతీయుల క్యూ ఏళ్ల తరబడి సాగుతుందని అందరికీ తెలిసిందే. ఆస్ట్రేలియాలో నాలుగేళ్ల నివాసం కావాలి, అందులో చివరి ఏడాది పర్మనెంట్ రెసిడెంట్‌గా ఉండాలి. కెనడాలో పీఆర్ ఉన్నవాళ్లు అయిదేళ్లలో 1,095 రోజులు ఆ దేశంలో గడపాలి. చదువు, ఉద్యోగం, పీఆర్, ఆ తర్వాత పౌరసత్వం... అన్నీ సాఫీగా జరిగినా ముప్ఫై దగ్గర పడుతుంది. అప్పుడు అక్కడ చిన్నప్పటి నుంచీ ఆడుతున్నవాళ్లతో పోటీ పడి జట్టులో చోటు సంపాదించాలి. అసాధ్యమని అనను. అయితే దాని మీద కెరీర్ కట్టుకోవడం తెలివైన పని కాదు.

క్లబ్బు వేరు, కాలేజీ వేరు, దేశం వేరు

విదేశంలో ఆడటానికి పౌరసత్వం అక్కర్లేని దారులున్నాయి. అమెరికాలో 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వచ్చాక కాలేజీల్లో అమ్మాయిల ఆటలకు ఊపొచ్చింది, సాఫ్ట్‌బాల్ అందులో పెద్దది. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లూ కాలేజీ జట్టులో ఆడొచ్చు, స్కాలర్‌షిప్పు పొందొచ్చు. అయితే ఎన్‌సీఏఏ డివిజన్-3 కాలేజీలు ఆటల స్కాలర్‌షిప్పులు ఇవ్వవు. ఆడే సీజన్లకు, ఏళ్లకు పరిమితి ఉంటుంది కాబట్టి, ఇక్కడ డిగ్రీ పూర్తిచేసి ఎంఎస్‌కు వెళ్లేవాళ్లకు అవకాశం బాగా తగ్గుతుంది. ఇంటర్ తర్వాతే ప్రయత్నిస్తే నయం. చదువుకుంటూ సరదాగా స్థానిక క్లబ్బులో ఆడుకోవచ్చు. డబ్బు తీసుకుని ఆడితే మాత్రం అది అనుమతి లేని ఉద్యోగమై వీసాకే ఎసరు పెట్టొచ్చు.

‘ఫలానా దేశం జట్టులో చోటు ఇప్పిస్తాం, ఫీజు కట్టండి’ అని ఎవరైనా అంటే, పాస్‌పోర్టు సంగతేంటని ఒక్క ప్రశ్న వేయండి. సమాధానం నీళ్లు నమిలినట్టుంటే అక్కడితో వదిలేయండి.

చేతిలో ఉన్నది చూసుకోండి

కేంద్ర ప్రభుత్వ శాఖల స్పోర్ట్స్ కోటాలో గ్రూప్-సి ఉద్యోగాలకు గుర్తించిన ఆటల జాబితాలో సాఫ్ట్‌బాల్ ఉంది. దేశానికి ఆడినవాళ్లకు మొదటి ప్రాధాన్యం. ఆ తర్వాత జాతీయ పోటీల్లో రాష్ట్రానికి, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ఆడినవాళ్లూ అర్హుల జాబితాలో ఉంటారు. సర్టిఫికెట్ నిర్ణీత నమూనాలోనే ఉండాలి: దేశానికి ఆడితే జాతీయ సమాఖ్య ఇచ్చే ఫారం-1, రాష్ట్రానికి ఆడితే రాష్ట్ర సంఘం ఇచ్చే ఫారం-2, యూనివర్సిటీకి ఆడితే అక్కడి క్రీడా విభాగం ఇచ్చే ఫారం-3. గోడకు తగిలించుకునే రంగుల సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు. ఏ నోటిఫికేషన్‌లో ఏ ఆటలు, ఏ స్థాయి అడిగారన్నది శాఖను బట్టి మారుతుంది కాబట్టి ప్రతిసారీ చదువుకోవాలి. వయసులోనూ అయిదేళ్ల వరకు సడలింపు ఉంటుంది, ఎస్సీ, ఎస్టీలకు పదేళ్లు.

ఇదంతా భారత పౌరసత్వం ఉన్నంతవరకే. విదేశీ జెర్సీ మోజులో పడి, కాలేజీ వదిలేలోపు తీసుకోవాల్సిన ఫారం తీసుకోకపోతే అదీ పోతుంది, ఇదీ రాదు.

విదేశాలకు వెళ్లొద్దని చెప్పడం లేదు. చదువు కోసం వెళ్లండి, ఉద్యోగం కోసం వెళ్లండి. అక్కడే స్థిరపడాలని ఇంట్లోవాళ్లతో కూర్చుని నిర్ణయించుకుంటే ఆ దేశ పౌరసత్వం తీసుకోండి. అప్పటికి ఆటలో సత్తా మిగిలి ఉంటే ఆ దేశానికి ఆడండి, ఎవరూ తప్పుపట్టరు. కాకపోతే వరుస అదే ఉండాలి: ముందు బతుకు, తర్వాత పాస్‌పోర్టు, ఆ తర్వాతే జెర్సీ. ప్రస్తుతానికి యూనివర్సిటీ క్రీడా విభాగానికి వెళ్లి మీ ఫారం-3 అడగండి. చివరి సెమిస్టర్ అయిపోయాక దానికోసం తిరగడం కష్టం.