పాత బండి కొనండి, కొత్త అప్పు కొనకండి

టమాటా కోసినా, మిర్చి బస్తాలు కట్టినా, యార్డుకు చేర్చాలంటే మనం బాడుగ బండి కోసం ఎదురుచూడాల్సిందే. ధర పడిపోయిన రోజున బాడుగ తగ్గదు. సరుకు అమ్మిన డబ్బు బాడుగకు, హమాలీకి, కమీషన్‌కే సరిపోయిన రోజులు మనకు తెలుసు. అందుకే ఊళ్లలో మన పిల్లలు పాత బొలెరో పికప్పో, టాటా ఏసో చవకగా కొని మెల్లగా బాగుచేసుకుందామని చూస్తున్నారు. ఈ ఆలోచనను మేం సమర్థిస్తున్నాం. మెకానిక్ పని చేతికొస్తే అది రైతుబిడ్డకు రెండో చదువు. అయితే చూడకుండా కొంటే ఆ బండి వాకిట్లో నిలబడి పంట డబ్బు తింటుంది.

2005లో వచ్చిన మొదటి టాటా ఏస్‌కు రెండు సిలిండర్ల, 16 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్. అలాంటి పాత బండ్లను ఊరి మెకానిక్ స్పానర్లతో విప్పగలడు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో లోపం పట్టాలంటే చాలాసార్లు స్కానర్ పెట్టాలి. పని నేర్చుకునేవాడికి పాతదే మేలు.

రంగు చూసి మోసపోవద్దు. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి వేడిగా ఉంచారంటే అనుమానించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఆయిల్ మూత తీయగానే గుప్పుగుప్పున పొగ కొడితే ఇంజిన్ బోరుకు వచ్చినట్టే. ఆ తర్వాత కిందకు దూరి ఛాసిస్ చూడండి. ఇంజిన్ చేయించుకోవచ్చు, కమాన్ పట్టీలు మార్చుకోవచ్చు. తుప్పు తిన్న ఛాసిస్, విరిగితే వెల్డింగ్ చేసిన ఛాసిస్ ఉన్న బండి మాత్రం ఎంత చవకైనా వద్దు. కొన్నాక మొదటి ఖర్చు బ్రేకులు, స్టీరింగ్, టైర్ల మీద పెట్టాలి.

కాగితాల దగ్గరే ఎక్కువమంది మునుగుతున్నారు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో కలవాలి. ఫైనాన్స్ ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోవాలి. 29, 30 ఫారాల మీద సంతకాలు చేయించి వెంటనే పేరు మార్పించుకోవాలి. అమ్మే రైతుకూ ఇది ముఖ్యమే. ఆర్సీలో ఎవరి పేరుందో వారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. 8 ఏళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలన్నదీ లెక్కలో పెట్టుకోండి.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాం. కలుపుకో, మిరప కోతకో కూలీలను ఈ బండ్లలో నింపి తీసుకెళ్లవద్దు. సరుకు బండిలో ఎక్కిన కూలీలకు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. పోయే ప్రాణాలు మన ఊరి ఆడవాళ్లవే.

పాత బండికి బ్యాంకులు సులువుగా అప్పివ్వవు. ప్రైవేటు ఫైనాన్స్ వడ్డీకి పొలం కాగితాలు తాకట్టు పెట్టి కొనవద్దు. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి, ఖర్చులూ వాటాలూ కాగితం మీద రాసుకుని కొంటే భారం తగ్గుతుంది.

ప్రభుత్వాన్నీ అడగాల్సింది ఉంది. 15 ఏళ్లు దాటిన బండ్ల ఫిట్‌నెస్ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం భారీగా పెంచింది. పాత బండి పొగ చెడ్డదే, కాదనం. కానీ రుసుము పెంచితే పొగ తగ్గదు. బాగుచేసుకోవాల్సిన డబ్బు ఆఫీసులో కట్టించుకుంటే రైతు ఇంజిన్ దేనితో చేయిస్తాడు? సొంత పంట మోసుకునే చిన్న, కౌలు రైతుల బండ్లకు రుసుము తగ్గించాలి. ఐటీఐలలో రైతుబిడ్డలకు సాయంత్రం పూట మెకానిక్ శిక్షణ పెట్టాలి. ఈ రెండు డిమాండ్లను గ్రామ కమిటీలు తీర్మానం చేసి మండల కమిటీకి పంపాలని కోరుతున్నాం.