ఆసుపత్రికీ ఇంటికీ నడుమ ఒక మెట్టు

విరేచనం చేయించిన రోగికి ఆ పూటే పప్పన్నం పెట్టే వైద్యుడు ఉండడు. మొదట పలుచని జావ, తరువాత మెత్తని గంజియన్నం, ఆ పిమ్మట పెసరకట్టు. ఇట్లు అగ్నిబలాన్ని చూచుకొంటూ, ప్రధానశుద్ధి జరిగినపుడు 7 దినాల వరకు నడిపి, అప్పుడే మామూలు భోజనానికి తెస్తాము. దీనికి సంసర్జన క్రమమని పేరు. ఉదరం విషయంలో ఇంత ఓర్పు వహించే మనము మనస్సు విషయంలో ఎందుకు వహించలేకపోతున్నాము?

ఉన్మాదం శమించి ఆసుపత్రి నుండి వచ్చిన కుమారుని మరునాడే "ఉద్యోగం సంగతేమిటి?" అని అడిగే తల్లిదండ్రులను నేనెరుగుదును. వారిని తప్పుపట్టే ముందు నా తప్పు చెప్పుకోవాలి. పూర్వమొకసారి అట్టి యువకుని తండ్రి సలహా అడిగితే, "ఇంటికి తీసుకొని వెళ్ళండి, తల్లిచేతి అన్నమే ఔషధం" అన్నాను. ఆ ఇంట ప్రేమకు కొరత లేదు. కాని బంధువుల ప్రశ్నలు, పెండ్లి మాటలు, "బాగున్నాడు గదా, ఇక మందులెందుకు?" అనే తొందర, అన్నీ కలిసి కొద్ది నెలలలోనే అతనిని మరల ఆసుపత్రికి చేర్చాయి.

అందుచేతనే ఈ రెంటి నడుమ పునరావాస గృహమొకటి అవసరమని నా అభిప్రాయం. వేళకు నిద్రలేవడం, స్నానం, మందు, నలుగురితో కలిసి వంట, తోటపని, తన ఖర్చు తాను లెక్క చూచుకోవడం. వ్యాధి హరించిన నిత్యకృత్యాలను అక్కడ ఒక్కొక్కటిగా తిరిగి అలవరచుకొంటారు. మనస్సును అహిత విషయాల నుండి మరల్చే సత్త్వావజయ చికిత్సను చరకుడు చెప్పాడు. అది గుళికలతో మాత్రమే సిద్ధించేది కాదు. చికిత్సకు గల నాలుగు పాదాలలో పరిచారకుడూ ఒక పాదమే గదా! డాక్టర్ శారదా మీనన్ 1984లో మద్రాసులో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ స్కిజోఫ్రెనియా రోగుల పునరావాసానికి మార్గం చూపింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇట్టి గృహాలను ప్రభుత్వం కల్పించవలసిన సేవలలో చేర్చింది. మన జిల్లాలో ఏర్పరచమని అడగవలసినవారము మనమే.

"అక్కడ చేర్చితే వదలించుకొన్నట్లు కాదా?" అని ఒక తల్లి నన్నడిగింది. వెళ్ళి చూడకపోతే నిజంగా అంతే అవుతుంది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో బంధింపబడిన 28 మంది అగ్నికి ఆహుతి అయ్యారు. కనుక పరీక్షించి చేర్చండి. చట్టప్రకారం నమోదైనదా? మానసిక వైద్యుడు క్రమంగా వస్తున్నాడా? మీరు ఎప్పుడు వచ్చినా లోనికి రానిస్తారా? ఇంటికి పంపే ఆలోచన వారికి ఉన్నదా? ఈ నాల్గింటిలో ఏ ఒక్కదానికి సరియైన జవాబు రాకున్నా వెనుదిరిగి రండి.

చివరగా ఒక మనవి. మానసిక వైద్యుడు వ్రాసిన మందును ఆయన చెప్పనిదే మానవద్దు. నావంటివాడు ఇచ్చే ఘృతమైనా ఆయనకు తెలుపకుండా వాడవద్దు. వారం వారం వెళ్ళి బిడ్డను చూచి రండి. ఉద్యోగం మాట ఎత్తక, ఆనాడు తోటలో ఏమి నాటాడో అడగండి.