కమీషను ఉద్యోగుల నష్టపరిహారము

తెల్లవారకమునుపే నమూనాల సంచి మోటారు సైకిలునకు కట్టుకొని బయలుదేరి, ప్రొద్దు గ్రుంకువరకు అంగడి అంగడికిని తిరిగి ఆర్డర్లు వ్రాసికొని, పాతబాకీలు వసూలు చేసి, రాత్రికి ఏ చిన్న లాడ్జిలోనో తలదాచుకొను మనుష్యుని చట్టము ఏమని పిలువవలెను? అమ్మకములు సాగినంతకాలము ఈ ప్రశ్న ఎవరికిని తోచదు. లారీ తగిలి అతని కాలు పోయిననాడు, లేక ప్రాణమే పోయిననాడు, కంపెనీవారు బీరువాలోనుండి ఒక ఒప్పందపు కాగితమును బయటికి తీయుదురు. ఇతడు మా ఉద్యోగి కాడు, స్వతంత్రుడైన కమీషను ఏజంటు మాత్రమే యని అందులో వ్రాసి యుండును. ఆ ఒక్క వాక్యముతో భార్యాబిడ్డలు వీధిని పడుచున్నారు. మేము నేడు చర్చింపదలచినది ఆ వాక్యమును గూర్చియే.

మన దేశమున పనివారి నష్టపరిహార చట్టము 1923లో పుట్టినది. ఉద్యోగమువలనను, ఉద్యోగకాలమునందును కలిగిన ప్రమాదమునకు యజమాని బాధ్యుడని చెప్పు ఆ చట్టపుమాట 1897 నాటి ఇంగ్లండు శాసనమునుండి వచ్చినది. ఆ నాటి శాసనకర్తల కన్నులయెదుట ఉన్నవి కర్మాగారములు, గనులు, రైలుదారులు. యంత్రము ఇచ్చట, కార్మికుడు ఇచ్చట, గోడ అచ్చట. గోడ లోపల జరిగినది ఉద్యోగము, వెలుపల జరిగినది స్వవిషయము. లైను తిరుగు మనుష్యునకు అట్టి గోడ యేది? రోడ్డే అతని కర్మాగారము. ఇంటినుండి పనిచోటికి పోవు దారిలో జరిగిన ప్రమాదమును గూడ ఉద్యోగసంబంధమైనదిగా పరిగణింపవచ్చునని క్రొత్త చట్టము చెప్పుచున్నది. సంతోషమే. కాని ఈతని పనిచోటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియును? సాయంకాలము ఆఖరి అంగడి మూసిన పిదప లాడ్జికి పోవుచు పడినచో అది యజమాని పనియా, సొంతపనియా? ఆ ఊర అతనికి చుట్టము లేడు, పక్కము లేడు. కంపెనీ సరకు అమ్ముటకు తప్ప ఆ లాడ్జిలో పండుకొనవలసిన అగత్యమును లేదు. మా అభిప్రాయమున ఇల్లు విడిచినది మొదలు ఇల్లు చేరువరకు అతడు పనిలోనే యున్నాడు.

ఇక ఉద్యోగి యగునా కాడా యనుమాట. జీతము లేదు, కమీషనే కలదు, కావున ఉద్యోగము లేదనుట యజమానుల వాదము. ఈ వాదమునకు న్యాయస్థానములు ఏనాడో సమాధానము చెప్పినవి. ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ వ్యాజ్యెమున ఉప్పు పండించు అగరియాలు మణుగునకు ఇంతయని తీసికొనుచు, కుటుంబములతో కూడ పనిచేయుచు, తమకు తామే సహాయకులను పెట్టుకొనుచుండినను వారు కార్మికులేయని సుప్రీముకోర్టు 1956లోనే తీర్మానించెను. 1973లో సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ వ్యాజ్యెము మన తెలంగాణ ప్రాంతపు దుకాణముల చట్టము క్రిందనే వచ్చినది. కుట్టిన బట్టకు ఇంతయని కూలి తీసికొను దర్జీలు, అందును కొందరు పని ఇంటికి తీసికొనిపోవువారు, ఉద్యోగులేయని అందు తేలినది. బట్టకు కూలి కట్టినట్లే ఆర్డరునకు కమీషను కట్టుచున్నారు. పేరు మారినంతమాత్రమున పని మారునా?

యజమాని అజమాయిషీ చేయుచున్నాడా లేదా యనునది ఈ వ్యాజ్యెములలో తరచు చూచు గుర్తు. నేటి కంపెనీలు అజమాయిషీ లేదని చెప్పుట మాకు వింతగా నున్నది. ఉదయము మొదటి అంగడి యెదుట నిలిచి ఫోనులో హాజరు వేయవలెను. ఏ వీధి ఎన్ని గంటలకు దాటినది ఆ ఫోనే చెప్పును. ఏ రూటు తిరుగవలెనో, ఏ ధరకు అమ్మవలెనో, నెలకు టార్గెట్టు ఎంతయో పైనుండి వచ్చును. పూర్వపు గుమాస్తాకు యజమాని కన్ను మరలినప్పుడైనను ఊపిరి తీసికొను అవకాశముండెడిది. ఈతనికి అదియు లేదు. అయినను ప్రమాదము జరిగిన మరుక్షణమున ఇతడు స్వతంత్రుడగుచున్నాడు!

నిజముగా స్వతంత్రులైన ఏజంట్లు లేరని మేము అనము. సొంత దుకాణము పెట్టి, నాలుగు కంపెనీల సరకును తన యిష్టముచొప్పున అమ్ముచు, లాభనష్టములు తానే భరించువాడు వర్తకుడే. వానికి నష్టపరిహారము ఇప్పించవలెనని మా కోరిక కాదు. జీవిత బీమా సంస్థ ఏజంట్లు ఉద్యోగులు కారు. అయినను వారికి గ్రాట్యుటీ కలదు, దాని గరిష్ఠ పరిమితిని 2023లో 3 లక్షలనుండి 5 లక్షల రూపాయలకు పెంచిరి. కమీషను తీసికొనువానికి భద్రత కల్పించుట అసాధ్యము కాదని దీనివలన తెలియుచున్నది.

శాసనసభలును ఈ విషయమును బొత్తిగా మరచినవని చెప్పరాదు. 1976 నాటి విక్రయాభివృద్ధి ఉద్యోగుల చట్టము మొదట ఔషధ పరిశ్రమకే వర్తించినను, కమీషనుమాత్రమే తీసికొనువారినిగూడ పేర్కొన్నది. 1923 నాటి నష్టపరిహార చట్టము వీరికి వర్తించునని 6వ విభాగమున స్పష్టముగా వ్రాసినది. 1994లో సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము పారిశ్రామిక వివాదముల చట్టపు నిర్వచనములోనికి మందుల కంపెనీ ప్రతినిధులు రారని తీర్మానించినప్పుడు వీరికి ఆసరాగా మిగిలినది ఈ 1976 చట్టమే. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి రాగా ఈ పాత చట్టములు రద్దయినవి. పారిశ్రామిక సంబంధముల స్మృతి వీరిని కార్మికులలో చేర్చినది. మంచిదే. అయితే పరిహారమునకు సంబంధించినది వేరొక స్మృతి. సామాజిక భద్రతా స్మృతిలోని పరిహారపు అధ్యాయము రెండవ అనుబంధమున పేర్కొన్నవారికిని, ప్రభుత్వములు ప్రకటనద్వారా చేర్చినవారికిని మాత్రమే వర్తించును.

అంతకంటె పెద్ద చిక్కు వేతనమను మాటలో నున్నది. ఇది లెక్కల విషయమని పాఠకులు దాటిపోరాదు. 1923 చట్టమున డబ్బుగా లెక్కింపదగిన ప్రతి ప్రయోజనమును వేతనమే; ప్రయాణపు బత్తెమువంటి కొన్నింటిని తీసివేసిరిగాని కమీషనును తీసివేయలేదు. క్రొత్త స్మృతి నిర్వచనమున కమీషను వేతనము కాదని విడిగా వ్రాసిరి. ఇట్లు తీసివేసినవి మొత్తము ప్రతిఫలములో సగమును మించినచో మించినంత భాగమును మరల వేతనమున కలుపవలెనను షరతు కలదు. భత్యముల పేర జీతమును చీల్చి ప్రావిడెంటు ఫండును తగ్గించు యజమానుల యుక్తికి అది మంచి విరుగుడు. కమీషను మనుష్యునకు మాత్రము అదే గొడ్డలిపెట్టు.

ముప్పది యేండ్ల యువకుడొకడు నెలకు 4,000 రూపాయల స్థిరవేతనమును, 11,000 రూపాయల కమీషనును తెచ్చుకొనుచున్నాడనుకొందము. ప్రమాదమున మరణించినచో పాతచట్టము ప్రకారము 15,000లో సగమును ఆ వయస్సునకు ఏర్పరచిన 207.98 గుణకముచే హెచ్చింపగా 15,59,850 రూపాయలు వచ్చును. క్రొత్త నిర్వచనమున అతని వేతనము 7,500 రూపాయలే. గుణకము అదేయని పెట్టుకొన్నను పరిహారము 7,79,925 రూపాయలకు దిగిపోవును. చచ్చినవాడు అతడే, చచ్చిన రోడ్డు అదే, అతడు ఇంటికి తెచ్చుచుండిన డబ్బును అదే. జీతము 15,000 రూపాయలుగా తీసికొను అదే కంపెనీ గుమాస్తాకు ఈ కోత లేదు. ఎండలో తిరుగువాని ప్రాణము నీడలో కూర్చున్నవాని ప్రాణములో సగము వెల చేయునని పార్లమెంటు తలచియుండదు. పరిహారపు అధ్యాయము మట్టునకైనను కమీషనును వేతనములో చేర్చుచు స్మృతిని సవరింపవలెను. అంతవరకు, సగమనుదానికి బదులు వేరొక పాలును ప్రకటించు అధికారము కేంద్రప్రభుత్వమునకు ఉన్నది గదా, దానినైనను వాడవచ్చును.

కంపెనీకిని ఇతనికిని నడుమ డిస్ట్రిబ్యూటరు ఉన్నచో చిక్కు మరియొక మెలిక తిరుగును. కాంట్రాక్టరుద్వారా పని చేయించిన అసలు యజమాని సైతము బాధ్యుడని 1923 చట్టపు 12వ విభాగము చెప్పినది. కాని ప్రమాదము అతని ఆవరణమునకు వెలుపల జరిగినచో ఆ బాధ్యత ఉండదని చివర చేర్చినది. ఆవరణమే లేని ఉద్యోగమునకు ఈ మినహాయింపు ఎంత అన్యాయమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఒక్క విషయమున మాత్రము చట్టము దయచూపినది. విజయవాడ కంపెనీకి బరంపురము లైను తిరుగువారును, హోసూరున కాపురముండి బెంగుళూరు సరకును అమ్మువారును, బళ్లారి, యానాము చుట్టుపట్ల తిరుగువారును మన తెలుగువారిలో ఎందరో కలరు. వీరికి ప్రమాదము ఒక రాష్ట్రమున, ఇల్లు వేరొక రాష్ట్రమున, కంపెనీ మూడవచోట. పూర్వము ప్రమాదము జరిగిన చోటనే దరఖాస్తు పెట్టవలసి యుండెను. 1995 సవరణవలన ఆశ్రితులు తాము నివసించుచోటనే కమిషనరునొద్ద పెట్టుకొనవచ్చునని ఏర్పడినది. ఈ సంగతి తెలియక ఎరుగని ఊరి కచ్చేరి చుట్టు తిరిగి, పోలీసు కాగితములు అర్థముగాక, రెండేండ్ల గడువు దాటబెట్టుకొను విధవలు ఉందురు.

రాజధానిలోని మన వకీళ్లకును, ఆడిటర్లకును ఒకమాట. స్వతంత్ర ఏజంటను వాక్యమును ఒప్పందములలో వ్రాయుచున్నది మీరే. కంపెనీ కక్షిదారు గనుక అతని మేలు చూచుట మీ ధర్మమని మేమెరుగుదుము. అయినను న్యాయస్థానము కాగితమునుగాక పనితీరును చూచునని కక్షిదారునకు చెప్పుటయు మీ ధర్మమే. అట్లు చెప్పి, తిరుగు ప్రతినిధులనందరిని పరిహారపు బీమాలో చేర్పించినచో దానికగు ప్రీమియము కంపెనీకి భారము కాదు. ప్రతి ఉద్యోగికిని నియామకపత్రము ఇయ్యవలెనని క్రొత్త స్మృతులు విధించుచున్నవి. ఆ పత్రమున కమీషను లెక్కయు, తిరుగవలసిన ప్రాంతమును, ప్రమాదమైనచో ఇంటివారు ఎవరికి తెలుపవలెనో ఆ చిరునామాయు, ఇంటివారు చదువగల భాషలో వ్రాయించుడు.