చీకును వాకిట్లోకి పిలుద్దాం

చిలుకూరు అనగానే చాలామందికి హైదరాబాదు దగ్గరి బాలాజీ గుడి, వీసా కోసం చేసే ప్రదక్షిణలు గుర్తుకొస్తాయి. నేను చెప్పబోయేది ఆ చిలుకూరు కాదు. ఇది కోదాడ పక్కనున్న చిలుకూరు. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 అక్టోబరు నుంచి సూర్యాపేట జిల్లా. కిందటి చలికాలంలో అక్కడ మా ఇంటి వాకిట్లో జరిగిన ఒక చిన్న సంగతి ఈ టపాకు కారణం.

డెబ్బై ఏళ్ళు దాటిన మా మేనత్త ఆ సాయంత్రం మొదటిసారిగా చీకు తిన్నది. మాంసం ముక్కలను పుల్లకు గుచ్చి బొగ్గుల మీద కాల్చేది, అదే చీకు. రెండు ముక్కలు నమిలి, పుల్లను అటూ ఇటూ తిప్పి చూసి, ఆమె అన్న మాట ఇది: "దీని వాసన నాకు ఎన్నేండ్ల సందో ఎరుకేరా. రుచి ఇయ్యాల్నే తెలిసింది."

అందరం నవ్వాము. కాని ఆ మాట నా మనసులోంచి పోలేదు. కోడి, మేక, చేప, రొయ్య, బోటి, తలకాయ, కాళ్ళు, ఇలా మాంసాహారంలో ఆమె వండని వంట లేదు. అటువంటి మనిషికి కోదాడలో ప్రతి సాయంత్రమూ పొగలు కక్కే ఒక తిండి డెబ్బై ఏళ్ళ దాకా ఎందుకు అందలేదు? దీనికి నాకు తోచిన సమాధానమూ, దాని మీద నా అభిప్రాయమూ మిత్రుల ముందు పెడుతున్నాను.

ముందు ఆ మాట సంగతి. పారశీకంలో "సీఖ్" అంటే ఇనుప చువ్వ. ఉర్దూ ద్వారా మన దగ్గరికి వచ్చి హైదరాబాదులో సీఖ్ కబాబుగా నిలిచింది, బెజవాడ వైపు వెళ్ళేసరికి చీకుగా మారింది. పేరు పరాయిదైనంత మాత్రాన వంట పరాయిది కాదు. శూలానికి గుచ్చి కాల్చిన మాంసానికి అమరకోశం శూలాకృతము, భటిత్రము, శూల్యము అని మూడు పేర్లు చెప్పింది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి పేరున 12వ శతాబ్దంలో వెలువడిన మానసోల్లాసంలో మాంసాన్ని నిప్పుల మీద కాల్చే పద్ధతులు వివరంగా ఉన్నాయి. ఆనాడు తెలంగాణలో చాలా భాగం ఆ రాజుల ఏలుబడిలోనే ఉండేది. కాబట్టి ఇది నిన్న మొన్న మనకు అంటుకున్న అలవాటు కాదు.

రాజుల దాకా పోనక్కరలేదు. తెలంగాణ పల్లెల్లో, ముఖ్యంగా దళితవాడల్లో, ఒక పూటకు మించిన మాంసాన్ని సన్నగా కోసి దండెం మీద ఎండబెట్టి దాచుకునేవారు. ఆ ఎండిన ముక్కను నిప్పుల మీద కాల్చుకుని తినడమూ ఉంది. కోసేది, ఆరవేసేది, కాకుల నుంచి కాపాడేది ఎక్కువగా ఆడవాళ్ళే. వంటల పుస్తకాలు రాసినవారు ఆ దండెం వైపు చాలా కాలం తలెత్తి చూడలేదు కాబట్టి, కాల్చిన మాంసమంటే నవాబుల విందో, బజారు తిండో అన్న భ్రమ మనలో మిగిలిపోయింది.

ఇక అసలు విషయం. చీకు మన ఊళ్ళలో మగవాళ్ళ తిండి అయింది. దానికి రుచితో సంబంధం లేదు, బండి నిలిచే చోటుతో ఉంది. చీకుల బండి సాధారణంగా సారా దుకాణం పక్కనో, ఇప్పటి మాటలో వైన్ షాపు పక్కనో నిలుస్తుంది. మందు కొనుక్కున్నవాడు నంజుకోవడానికి అది కావాలి. అక్కడ ఆడమనిషి నిలబడదు. నిలబడితే చూసేవాళ్ళ చూపులు వేరుగా ఉంటాయి. పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చేవారూ తక్కువే. తెచ్చినా, ఇల్లు చేరేసరికి చల్లారి బిరుసెక్కిన ముక్కలవి. చీకు నిప్పు మీది నుంచి నోటికి నాలుగు నిమిషాల్లో చేరాలి, లేకపోతే అది చీకు కాదు. ఆ నాలుగు నిమిషాల దూరంలో మన అత్తలూ అమ్మలూ ఎన్నడూ లేరు.

నగరాల్లో పరిస్థితి మారింది, నిజమే. బల్ల మధ్యలో నిప్పు పెట్టి చువ్వలు నిలబెట్టే హోటళ్ళకు ఇవాళ కుటుంబాలే వెళుతున్నాయి. కాని మనిషికి ఇంతని లెక్కగట్టి డబ్బు పుచ్చుకునే ఆ హోటలు చిలుకూరు రైతు ఇంటికి అందేది కాదు. అందేది వాకిలి. నా వాదన ఇంతే: చీకును ఇంటికి తెచ్చుకోవాలి. అయితే వంటింట్లోకి కాదు, వాకిట్లోకి. నిప్పు దగ్గర కూర్చునేది ఆ ఇంటి మగవాడు కావాలి.

ఎందుకంటే చీకుకు కూరలో లేని ఒక గుణం ఉంది. కూర గిన్నెలో ఎవరి వాటా ఎంతో ఎవరికీ తెలియదు. మంచి ముక్కలు చుట్టాలకూ మగవాళ్ళకూ పిల్లలకూ పోతాయి. వడ్డించిన ఆవిడ చివరికి పులుసుతోనో, ఎముకతోనో సరిపెట్టుకుంటుంది. అడిగితే "నాకు పులుసే ఇష్టం" అంటుంది. చీకు దగ్గర ఆ మాట చెల్లదు. అరకిలో మెత్తని మాంసానికి ఇరవై పైచిలుకు ముక్కలొస్తాయి. పుల్లకు నాలుగు చొప్పున ఐదారు పుల్లలు. ఎవరి పుల్ల వారి చేతిలో ఉంటుంది. వాటా అందరి కళ్ళకూ కనబడుతుంది.

అయితే కాల్చేవాడు చివరన తినాలి, తప్పదు. ఆ చివరి వంతు ఇన్నాళ్ళూ తిన్నవాళ్ళు తీసుకోవడం న్యాయం.

పద్ధతి చెబుతాను. పెద్ద విద్యేమీ కాదు.

మేక మాంసమైతే తొడ భాగం, ఎముక లేకుండా, అంగుళం ముక్కలు. ముక్క ముదురుగా ఉంటుంది కాబట్టి తొక్కతో నూరిన పచ్చి బొప్పాయి ముద్ద అరకిలోకు ఒక పెద్ద చెంచా పట్టించాలి. బొప్పాయి పాలలోని పాపెయిన్ మాంసపు పోగులను విడదీస్తుంది. రెండు మూడు గంటలు చాలు. రాత్రంతా ఉంచితే ముక్క పిండి పిండిగా అయి పుల్ల మీద నిలవదు. కోడి మాంసానికి బొప్పాయి అక్కరలేదు, పెరుగు చాలు. రొమ్ము ముక్క కన్నా కాలు ముక్క ఎండిపోకుండా కాలుతుంది. రెండింటికీ అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, పసుపు, ఉప్పు, కొంచెం పల్లి నూనె. మసాలా దట్టించకండి, నిప్పు వాసనే ఇక్కడి అసలు మసాలా.

పుల్లల సంగతి. బండ్ల మీద సైకిలు చక్రపు పుల్లలు వాడటం చూశాను. వాటికి తుప్పు పట్టకుండా లోహపు పూత వేస్తారు. అది తిండికి పనికొచ్చేది కాదు. తుప్పు పట్టని స్టీలు చువ్వలు కొనండి. బల్లపరుపుగా ఉన్నవైతే చువ్వను తిప్పినప్పుడు ముక్క కూడా తిరుగుతుంది. గుండ్రటి చువ్వ మీద ముక్క కదలక ఒకే పక్క మాడుతుంది. వెదురు పుల్లలైతే అరగంట నీళ్ళలో నానబెట్టాలి.

పొయ్యికి రెండు వరుసల ఇటుకలు చాలు. తుమ్మ బొగ్గు మన దగ్గర దొరికేదే. మంట లేచినంతసేపూ మాంసం పెట్టకూడదు. బొగ్గు ఎర్రబడి, పైన బూడిద పొర కమ్మాక, నాలుగంగుళాల ఎత్తున చువ్వలు పేర్చాలి. చేతిలో తాటాకు విసనకర్ర ఉండాలి. తిప్పుతూ కాలిస్తే పది పన్నెండు నిమిషాలు. కోడి ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరాలంటారు. కొలిచే సాధనం లేకపోతే ఒక ముక్క కోసి చూడండి, లోపల ఎక్కడా గులాబి రంగు ఉండకూడదు. పచ్చి మాంసం నానిన మసాలాను కాలిన ముక్కలకు పుయ్యకండి. నల్లగా మాడిన అంచులు ఆరోగ్యానికి మంచివి కావు, గిల్లి పారెయ్యండి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త: వానొచ్చినా, చలి వేసినా ఈ నిప్పును మూసిన గదిలోకి తేవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు మూసుకుని కుంపటి పక్కన నిద్రపోయి తిరిగి లేవనివారి వార్తలు చలికాలంలో చదువుతూనే ఉంటాం. వాకిట్లోకి అని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

కూరగాయల విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. బొమ్మల్లో చూపించినట్టు ఒకే పుల్లకు మాంసం, ఉల్లిగడ్డ, బుంగమిరప, టమాట వరుసగా గుచ్చడం చూడటానికి బాగుంటుంది, తినడానికి బాగుండదు. మాంసం కాలేసరికి టమాట నిప్పుల్లో రాలిపోతుంది. టమాట బాగున్నప్పుడు దింపితే మాంసం పచ్చి. దేని పుల్ల దానికే ఉండాలి. ఆలుగడ్డ సగం ఉడికించి గుచ్చాలి. వంకాయ, పుట్టగొడుగు, పనీరు నూనె రాసి గుచ్చితే చాలు. కాల్చిన వంకాయ రుచి పచ్చళ్ళ పుణ్యమా అని మనకు కొత్తది కాదు.

ఇందులో వంట సూత్రం కాక మరొకటి కూడా ఉంది. మన ఇళ్ళలో శనివారం ముట్టనివారు, కార్తీకం పాటించేవారు, అసలే తిననివారు ఒకే చూరు కింద ఉంటారు. వారికి మాంసం పుల్ల మీది ఉల్లిగడ్డ తీసి ఇవ్వడం మర్యాద కాదు. వారి చువ్వలు వేరు, వీలైతే వారి పొయ్యి వేరు, అది కూడా ముందు వెలిగించాలి. అప్పుడు తినేవారూ తిననివారూ ఒకే వాకిట్లో కూర్చోగలరు.

ఈ మాటలకు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. "బండి మీది రుచి ఇంట్లో రాదు" అంటారు. ఒప్పుకుంటాను. రోజూ వందల పుల్లలు తిప్పే చేతికి ఉన్న ఒడుపు నెలకోసారి తిప్పే చేతికి రాదు. ఆ బండివాడి బతుకు తెరువుకు అడ్డు పడాలనీ నాకు లేదు. ఏడాదికి నాలుగు సాయంత్రాలు వాకిట్లో కాల్చుకుంటే అతని బేరం తగ్గదు.

రెండవది గట్టి అభ్యంతరం: "ఇది ఆడవాళ్ళకు ఇంకో పని తగిలించడమే కదా?" మగవాడు విసనకర్ర పట్టుకుని ఫొటో దిగి, అల్లం నూరడం, ముక్కలు కొయ్యడం, గిన్నెలు తోమడం ఆమెకు వదిలితే అంతే అవుతుంది. ఆ పద్ధతిలో అయితే చీకు ఇంటికి రాకపోవడమే మేలు. మా ఇంట్లోనూ మొదటిసారి అలాగే జరిగింది: బొగ్గులు రాజెయ్యడం ఒక్కటే నా పనై, మిగిలిందంతా వంటింట్లో జరిగిపోయింది. రెండోసారికి కత్తిపీట నా ముందుకు వచ్చింది. ముక్కలు వంకరటింకరగా వచ్చాయి. ఎవరూ తినడం మానలేదు.

మా మేనత్త చీకు తిన్నది ఆ రెండోసారే. చలిమంట దగ్గర కూర్చున్నట్టు నిప్పుల పక్కన పీట వేసుకుని కూర్చుంది. నిప్పు దగ్గరికి వచ్చిన అలవాటు కొద్దీ రెండుసార్లు లేవబోయింది. ఇద్దరు ముగ్గురం కూర్చోమన్నాము. జొన్నరొట్టె ముక్కతో, నిమ్మరసం పిండిన ఉల్లిగడ్డతో తన పుల్ల పూర్తి చేసింది. ఆఖరున నేను నా పుల్ల అందుకునేసరికి బొగ్గులు చల్లారుతున్నాయి, ముక్కలు కాస్త బిరుసెక్కాయి.

"నీ తునకలు గట్టిపడ్డయా?" అని అడిగింది.

"పడ్డయి అత్తా" అన్నాను.

"వండినోల్ల వాటా గంతే" అన్నది, విసనకర్ర అందుకుని.